అమెరికా ప్రభుత్వ బడిలో మతం ఎదురైతే: తల్లిదండ్రులకు ఒక మార్గదర్శి

మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం కంచం ముందు కూర్చుని, రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని, ఇంగ్లీషులో నాలుగు మాటలు పలికి, చివర ‘ఆమెన్’ అని చెంచా అందుకుంది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, భోజనానికి వెళ్లేముందు టీచరు అందరినీ వరుసలో నిలబెట్టి రోజూ చెప్పిస్తారనీ, చెప్పనివాళ్లు వరుస చివరికి వెళ్లి నిలబడాలనీ చెప్పింది. ఆ రాత్రే ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ పంపాను. మా మతాన్ని అవమానించారని, మా మనోభావాలు దెబ్బతిన్నాయని కోపంగా రాసిన ఉత్తరం అది. మూడు రోజులకు చాలా మర్యాదగా జవాబు వచ్చింది. ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదనీ, మేము కోరితే వారంలో ఒక రోజు మా అమ్మాయి తన ప్రార్థనను తరగతి మొత్తం చేత చెప్పించవచ్చనీ అందులో ఉంది. ఇంట్లో అందరూ సంతోషించారు. ఏ శ్లోకమైతే పిల్లలకు తేలిగ్గా నోరు తిరుగుతుందో అని మా అత్తగారు ఆలోచించడం కూడా మొదలుపెట్టారు.

ఆ ప్రతిపాదన ఎంత మంచి మనసుతో చేసినదైనా ఒప్పుకోదగినది కాదని నాకు అర్థం కావడానికి కొన్ని వారాలు పట్టింది. అప్పుడు చదివి తెలుసుకున్న విషయాలనూ, ఆ తర్వాత మరికొన్ని కుటుంబాలకు ఉత్తరాలు రాయడంలో తోడ్పడుతూ గ్రహించిన విషయాలనూ, ఇదే పరిస్థితిలో ఉన్న తల్లిదండ్రులకు పనికొచ్చే క్రమంలో ఇక్కడ రాస్తున్నాను. వ్యవహారం కోర్టు దాకా వెళ్లేలా ఉంటే మీ రాష్ట్రంలో పనిచేసే న్యాయవాది మాటే ప్రమాణం. అంతకుముందు చేయవలసిన పనులన్నీ తల్లిదండ్రులు సొంతంగా చేసుకోగలిగినవే.

ముందుగా చూడవలసింది: మాట్లాడుతున్నది ఎవరు?

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేర్చిన మొదటి సవరణ మతం గురించి రెండు మాటలు చెబుతుంది. ప్రభుత్వం ఏ మతాన్నీ నెలకొల్పే చట్టం చేయరాదన్నది మొదటిది. ఎవరి మతాచరణనూ అడ్డుకునే చట్టం చేయరాదన్నది రెండవది. మొదట్లో ఇది కేంద్ర ప్రభుత్వానికే వర్తించేది. మాసచుసెట్స్‌లో 1833 వరకూ చర్చికి ప్రజల పన్నుల నుంచి పోషణ అందుతూ వచ్చింది. తర్వాతి కాలంలో సుప్రీంకోర్టు, 1940 నాటి తీర్పుతో మతాచరణ స్వేచ్ఛనూ, 1947 నాటి తీర్పుతో మతస్థాపన నిషేధాన్నీ రాష్ట్రాలకు కూడా వర్తింపజేసింది. ప్రభుత్వ బడి, దాన్ని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్, అందులో జీతం తీసుకునే టీచరు, కోచ్, ప్రిన్సిపాల్ ఈ నియమాలకు కట్టుబడి ఉండవలసి రావడం అప్పటి నుంచే. ప్రైవేటు బడికి ఇది వర్తించదు. కేథలిక్ బడిలో చేర్పించి అక్కడి ప్రార్థన మీద మొదటి సవరణ పేరుతో ఫిర్యాదు చేయడానికి వీలు లేదు.

చర్చికీ ప్రభుత్వానికీ నడుమ గోడ ఉండాలన్న మాటను మత ద్వేషుల మాటగా చాలామంది పొరబడతారు. అప్పటి అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఆ మాట వాడిన ఉత్తరం 1802 జనవరి 1న కనెటికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టులకు రాసినది. వాళ్లు గాఢమైన భక్తులు. ఆ రాష్ట్రంలో అధికారిక మతం కాంగ్రిగేషనల్ చర్చి కావడంతో, తమ మతస్వేచ్ఛ హక్కుగా కాక ఎవరో దయతలచి ఇచ్చినట్లుగా ఉందన్నది వాళ్ల బాధ. గోడ కావాలని అడిగింది చర్చికి వెళ్లే మనుషులేనన్న సంగతి మనసులో పెట్టుకుంటే, ప్రిన్సిపాల్ ముందు కూర్చున్నప్పుడు మన గొంతు తానే మారుతుంది.

కాబట్టి బడిలో మతం కనిపించగానే అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఇది ఏ మతం’ అన్నది కాదు. ‘ఇక్కడ మాట్లాడుతున్నది బడా, ఒక మనిషా’ అన్నదే మొదటి ప్రశ్న. మధ్యాహ్నం బల్ల దగ్గర పక్కనున్న పిల్లవాడు తన తిండి ముందు తాను ప్రార్థించుకుంటే అది అతని స్వేచ్ఛ. మన పిల్లలకు అది వింతగా తోచినా మనం అడ్డు చెప్పకూడదు. అదే ప్రార్థనను టీచరు నిలబడి చెప్పిస్తే అది ప్రభుత్వం చెప్పించినట్లు. రెంటిలోనూ మాటలు అవే కావచ్చు. చెప్పేవాళ్లు మారగానే చట్టం మారిపోతుంది.

రెండవ ప్రశ్న బలవంతం గురించి. బలవంతమంటే బెత్తం పట్టుకుని చెప్పించడమే కానక్కరలేదని కోర్టులు పదే పదే చెప్పాయి. న్యూయార్క్ రాష్ట్ర విద్యాధికారులు ఏ శాఖకూ చెందకుండా 22 ఇంగ్లీషు మాటల్లో ఒక ప్రార్థన కూర్చి, ఇష్టం లేని పిల్లలు చెప్పనక్కరలేదని వెసులుబాటు కూడా ఇచ్చారు. అయినా ప్రజల చేత చెప్పించడానికి ప్రార్థనలు రాయడం ప్రభుత్వం పని కాదని 1962లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. మరుసటి ఏడాది పెన్సిల్వేనియాలో రోజూ పది బైబిల్ వాక్యాలు చదివించే చట్టం కూడా పోయింది. 1992 నాటి తీర్పు రోడ్ ఐలండ్‌లో ఒక మిడిల్ స్కూలు గ్రాడ్యుయేషన్ సభకు సంబంధించినది. అక్కడ ప్రార్థన చేసినది యూదు మతగురువు, అభ్యంతరం చెప్పి కోర్టుకెక్కినదీ యూదు కుటుంబమే. తమ మతపు ప్రార్థనే అయినా బడి ఏర్పాటు చేసిన ప్రార్థన వద్దన్నారు, గెలిచారు. ‘వారంలో ఒక రోజు మీ శ్లోకం’ అన్న ప్రతిపాదనకు సరైన జవాబు నాకు దొరికింది ఆ కుటుంబం చరిత్రలోనే. మా శ్లోకం చెప్పించిన రోజున మరో ఇంటి పిల్లవాడు వరుస చివరికి వెళ్లి నిలబడతాడు.

మధ్యలో పడేవి

అన్నీ ఇంత తేటగా ఉండవు. ఫుట్‌బాల్ ఆటకు ముందు మైకులో ఒక విద్యార్థి ప్రార్థన చేయించే పద్ధతి టెక్సస్‌లోని శాంటా ఫే డిస్ట్రిక్ట్‌లో ఉండేది. చెప్పేది విద్యార్థే అయినా మైకు, వేదిక, ఎన్నిక అన్నీ బడివే కనుక అది బడి మాటేనని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ వ్యాజ్యం వేసినవి మోర్మన్, కేథలిక్ కుటుంబాలు. వాళ్లు పేర్లు బయటపెట్టకుండా పోరాడేందుకు కోర్టు అనుమతించింది.

దీనికి ఎదురుగా 2022 నాటి తీర్పు ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌లో జోసెఫ్ కెనెడీ అనే అసిస్టెంట్ ఫుట్‌బాల్ కోచ్ ఆట ముగిశాక మైదానం నడిమధ్య, 50 గజాల గీత దగ్గర మోకాలిపై కూర్చుని ప్రార్థించేవాడు. కొంతకాలానికి అతని చుట్టూ ఆటగాళ్లు చేరసాగారు, అతను వాళ్లకు ప్రసంగాలు కూడా ఇచ్చేవాడు. డిస్ట్రిక్ట్ అభ్యంతరం చెప్పాక ఆ ప్రసంగాలు మానుకున్నాడు, తన ప్రార్థనను మాత్రం వదలలేదు. ఆరుగురు న్యాయమూర్తులు అతని వైపు, ముగ్గురు డిస్ట్రిక్ట్ వైపు నిలిచారు. ఆటగాళ్లను చేరమని బలవంతం చేయకుండా అతను తన కోసం చేసుకున్న క్లుప్తమైన ప్రార్థనకు రక్షణ ఉందన్నది తీర్పు సారం. ప్రభుత్వం చేసిన పని మతస్థాపన కిందకు వస్తుందా అని తేల్చడానికి అప్పటిదాకా 1971 నాటి తీర్పు ఆధారంగా వాడుతూ వచ్చిన మూడు ప్రశ్నల పరీక్షను కోర్టు అప్పుడే పక్కన పెట్టి, దేశ చరిత్రనూ సంప్రదాయాన్నీ చూడాలంది. ఆట ఆడే పిల్లవాడికి కోచ్ చూపే దారిలో ఎంత ఒత్తిడి ఉంటుందో తెలిసిన తల్లిగా నాకు ఆ ముగ్గురి మాటే సబబనిపిస్తుంది. ఉత్తరం రాసేటప్పుడు మాత్రం నాకు నచ్చిన చట్టాన్ని కాక ఉన్న చట్టాన్నే చెప్పాలి. టీచరు తన బల్ల దగ్గర ఒంటరిగా కళ్లు మూసుకుంటే ఇప్పుడు ఫిర్యాదు నిలవదు. టీచరు పిల్లలను చేర్చుకుని చేయిస్తే నిలుస్తుంది.

తరగతి గోడ మీద బైబిల్‌లోని పది ఆజ్ఞల పటం కనిపిస్తే కొంచెం జాగ్రత్త పడండి. కెంటకీలో అలాంటి చట్టాన్ని 1980లో సుప్రీంకోర్టు కొట్టివేసినా, 2024లో లూసియానా, 2025లో టెక్సస్, అర్కన్సా మళ్లీ అలాంటి చట్టాలే చేశాయి, వాటి మీద వ్యాజ్యాలూ నడిచాయి. మీ రాష్ట్రంలో ఈ నెలలో ఏ ఉత్తర్వు అమలులో ఉందో చూసుకున్నాకే కలం పట్టండి.

మతం గురించి నేర్పడం వేరు, మతాన్ని నేర్పడం వేరు. చరిత్ర పాఠంలో క్రీస్తు జననం, ఇస్లాం వ్యాప్తి, బుద్ధుడు, ఉపనిషత్తులు రావడం తప్పు కాదు. 1963 తీర్పు కూడా ఆ మాటే స్పష్టంగా చెప్పింది. డిసెంబరు సంగీత కచేరీలో వేరే పాటలతో పాటు ఒక క్రిస్మస్ పాట ఉన్నంత మాత్రాన ఉత్తరం రాయకండి. అసలైన విషయం వచ్చిన రోజున మీ మాటకు విలువ ఉండాలి.

గోడ మన వైపు కూడా ఉంది

ఈ భాగం మన వాళ్లకు చెప్పడం కొంత కష్టం, కానీ చెప్పకుండా ముందుకు పోవడం నిజాయితీ కాదు. 1970లలో న్యూజెర్సీలోని కొన్ని ప్రభుత్వ హైస్కూళ్లలో మహర్షి మహేశ్ యోగి ధ్యాన పద్ధతిని ఒక ఐచ్ఛిక పాఠ్యాంశంగా పెట్టారు. మంత్రం తీసుకునే విద్యార్థి ఒక ఆదివారం బడి బయట జరిగే పూజకు పళ్లు, పూలు, ఒక తెల్ల రుమాలు తీసుకుని వెళ్లాలి. అక్కడ గురుదేవుల పటం ముందు ఉపదేశకుడు సంస్కృతంలో స్తోత్రం చదివి నైవేద్యం పెడతాడు. ఇది మతం కాదు, శాస్త్రమన్నది నిర్వాహకుల వాదన. సంస్కృతం తెలియని పిల్లలకు అక్కడ ఏం జరుగుతోందో అర్థమయ్యే వీలు లేదు. మనకు మాత్రం పళ్లు, పూలు, పటం, స్తోత్రం అనగానే అది పూజేనని చెప్పడానికి ఏ కోర్టూ అక్కరలేదు. 1979లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ పాఠ్యాంశాన్ని ఆపివేసిన తీర్పును ఖాయం చేసింది. క్రైస్తవ ప్రార్థనను ఆపిన సూత్రమే దీన్నీ ఆపింది.

మరోవైపు కాలిఫోర్నియాలోని ఎన్‌సినీటస్‌లో వ్యాయామం పిరియడులో నేర్పిన యోగాసనాల మీద కొందరు తల్లిదండ్రులు వ్యాజ్యం వేస్తే, అక్కడ నేర్పుతున్న రూపంలో అది మతబోధ కాదని 2015లో ఆ రాష్ట్ర అప్పీలు కోర్టు చెప్పింది. అలబామా అయితే 1993లో బడుల్లో యోగాను నిషేధించి, 2021లో ఆసనాలను మాత్రం అనుమతించింది. ఆసనాలకు ఇంగ్లీషు పేర్లే వాడాలని, మంత్రాలూ ‘నమస్తే’ అన్న పలకరింపూ కూడదని అందులో షరతు పెట్టింది. ఆ షరతు నాకు అన్యాయంగానే తోస్తుంది. నమస్తే అనడం మతబోధ అయితే ‘గుడ్‌బై’ అనడమూ కావాలి, ఎందుకంటే అదీ దేవుడు తోడుండాలన్న మాట నుంచి పుట్టినదే. అయినా దీపావళికి తరగతి గదిలో రంగవల్లి వేయించి, పండుగ కథ చెప్పి, మిఠాయి పంచడానికి టీచరు మిమ్మల్ని పిలిచినప్పుడు, పిల్లల చేత హారతి ఇప్పించకుండా, దండం పెట్టించకుండా మీరే గీత గీసుకోండి. మీ పండుగను చూపించవచ్చు, చెప్పవచ్చు. చేయించకూడదు.

మీ పిల్లలు చేయగలిగినవి

బడి చేయకూడని వాటి జాబితా తెలిసినంతగా పిల్లలు చేయగలిగినవి మనకు తెలియవు. బొట్టు, విభూతి, జంధ్యం, తావీదు, రుద్రాక్ష, రాఖీ వంటివి పెట్టుకోవడాన్ని బడి ‘మతానికి సంబంధించినది’ అన్న కారణంతో అడ్డుకోకూడదు. దుస్తుల నియమం అందరికీ ఒకే రీతిన ఉన్నప్పుడు విషయం కొంత చిక్కుపడుతుంది కానీ, చాలా రాష్ట్రాల్లో మతస్వేచ్ఛకు అదనపు రక్షణ ఇచ్చే చట్టాలు ఉన్నాయి. టెక్సస్‌లోని నీడ్‌విల్ డిస్ట్రిక్ట్ మగపిల్లలకు పొడుగు జుట్టు కూడదన్నప్పుడు, నమ్మకం కొద్దీ జుట్టు పెంచుకున్న ఒక అమెరికా ఆదివాసీ బాలుడు అలాంటి రాష్ట్ర చట్టం ఆధారంగానే 2010లో ఫెడరల్ అప్పీలు కోర్టులో గెలిచాడు. తిరుమలలో తలనీలాలు సమర్పించి వచ్చిన బాబు కొన్ని వారాలు టోపీ పెట్టుకుంటానంటే, టోపీలు కూడదన్న నియమం ఉన్న బడిని ముందుగా ఒక చిన్న ఉత్తరంతో అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు. తోటి పిల్లలు ఆ గుండును ఎగతాళి చేస్తే అది మతస్థాపన ప్రశ్న కాదు, వేధింపుల ప్రశ్న. ఆ రెంటినీ ఒకే ఉత్తరంలో కలపకండి, ఎందుకంటే వాటిని చూసే అధికారులూ, వర్తించే నియమాలూ వేరు.

బడిలో జెండా ముందు చెప్పించే ప్రతిజ్ఞ విషయంలో సందేహమే అక్కరలేదు. యెహోవాసాక్షుల పిల్లలు జెండాకు వందనం చేయనన్నందుకు బడుల నుంచి వెళ్లగొట్టబడగా, 1940లో వాళ్లకు వ్యతిరేకంగా తీర్పిచ్చిన సుప్రీంకోర్టే మూడేళ్లకే, 1943 జూన్ 14న, తన తీర్పును తానే తిరగరాసింది. ఆ నాటి నుంచి ఏ పిల్లనూ ప్రతిజ్ఞ చెప్పమనీ, వందనం చేయమనీ ప్రభుత్వ బడి బలవంతం చేయకూడదు. మేము మా అమ్మాయిని చెప్పవద్దనలేదు. చెప్పడం తన ఇష్టమని మాత్రం చెప్పాం.

హైస్కూలులో పిల్లలు తమంతట తాము మతసంబంధమైన క్లబ్బు పెట్టుకోవచ్చు. పాఠాలతో సంబంధం లేని క్లబ్బు ఒక్కటి ఉన్నా, మతం కారణంగా ఇంకొక దాన్ని నిరాకరించకూడదని 1984 నాటి ఫెడరల్ చట్టం చెబుతుంది. నెబ్రాస్కా నుంచి వచ్చిన వ్యాజ్యంలో 1990లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. పక్కన బైబిల్ క్లబ్బు నడుస్తోందని బాధపడే బదులు, మన పిల్లలు భగవద్గీత చదువుకునే క్లబ్బును అదే నియమం కింద అడగవచ్చు. టీచరు గదిలో కూర్చోవచ్చు కానీ పాల్గొనకూడదు. బయటి పెద్దలు దాన్ని నడపకూడదు, మీరూ అంతే.

పండుగ సెలవుల విషయంలో రాష్ట్రానికో తీరు. న్యూయార్క్ నగర బడులకు 2024 నవంబరు 1న తొలిసారి దీపావళి సెలవు ఇచ్చారు. న్యూజెర్సీలో మత కారణాలతో గైర్హాజరు కాగల పండుగల పట్టికను రాష్ట్ర విద్యా బోర్డు ప్రకటిస్తుంది. ఉగాది, వరలక్ష్మీవ్రతం లాంటివి ఏ పట్టికలోనూ దొరకకపోతే, డిస్ట్రిక్ట్ హ్యాండ్‌బుక్‌లో ‘మతపరమైన గైర్హాజరు’ అన్న నిబంధన వెతికి, తేదీని ఒక వారం ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ రోజు జరిగే పరీక్షను తర్వాత రాసే అవకాశాన్ని కూడా అందులోనే అడగండి.

పాఠం ఏదైనా మీ మత విశ్వాసానికి తీవ్రంగా అడ్డు వస్తుందనిపిస్తే మినహాయింపు కోరే దారి ఇప్పుడు కొంత విశాలమైంది. మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ బడుల్లో ఎల్‌జీబీటీక్యూ పాత్రలున్న కథల పుస్తకాల వివాదంలో, ముందుగా తెలియజేసి తల్లిదండ్రులకు మినహాయింపు ఇవ్వాలని 2025లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. ఈ దారిని పొదుపుగా వాడమని నా సలహా.

పని మొదలుపెట్టడం

మొదట పిల్లతో మాట్లాడండి, ప్రశ్నలు మాత్రం నడిపించేవిగా ఉండకూడదు. ‘టీచరు బలవంతంగా చెప్పించారా’ అని అడిగితే ఏడేళ్ల పిల్ల మీ ముఖం చూసి అవునంటుంది. ‘భోజనానికి వెళ్లేముందు మీరంతా ఏం చేస్తారు, మొదట ఎవరు మాట్లాడతారు, చెప్పని వాళ్లు ఎక్కడ ఉంటారు’ అని అడిగితే జరిగినది బయటకు వస్తుంది. విన్నది ఆ రాత్రే తేదీ వేసి, పిల్ల మాటల్లోనే రాసి పెట్టండి. బడి నుంచి వచ్చిన కాగితాలు, ఫొటోలు, సందేశాలు ఏవీ పారేయకండి. ఇంకో ఇంటి తల్లిదండ్రులను కూడా విడిగా అడిగి, రెండు కథనాలూ కలుస్తున్నాయో లేదో చూడండి.

ఆ తర్వాత టీచరుతో ముఖాముఖి మాట్లాడండి. చాలా వ్యవహారాలు అక్కడే తేలిపోతాయి. చిన్నప్పుడు తన బడిలో తానూ అలాగే చేసిన టీచరుకు అది తప్పన్న ఊహే ఉండకపోవచ్చు. ‘ఇది మీ మంచితనంతో చేస్తున్నారని తెలుసు, కానీ ఏ మతపు ప్రార్థననైనా పిల్లల చేత చెప్పించడం ప్రభుత్వ బడిలో కుదరదని విన్నాం’ అంటే చాలు. ఆ మాటలో ‘ఏ మతపు’ అన్న ముక్క వదలకండి. ఇంటికి వచ్చి, మాట్లాడుకున్నది నాలుగు వాక్యాల్లో ఈమెయిల్ రాసి ధన్యవాదాలు చెప్పండి. అదే మీ మొదటి దాఖలా.

అక్కడ తేలకపోతే ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాయాలి. నేను రెండోసారి రాసిన ఉత్తరం దాదాపు ఇలా ఉంది, మీ సంగతికి తగినట్లు మార్చుకుని ఇంగ్లీషులో రాసుకోవచ్చు:

‘సెప్టెంబరు మొదటి వారం నుంచి మా అమ్మాయి తరగతిలో ప్రతిరోజూ భోజనానికి ముందు టీచరు ప్రార్థన చెప్పించి, పిల్లల చేత పలికిస్తున్నారు. పలకని పిల్లలు వరుస చివరికి వెళుతున్నారు. ఈ విషయం టీచరుతో ఫలానా తేదీన మాట్లాడాం. ప్రభుత్వ బడి సిబ్బంది విద్యార్థుల చేత ప్రార్థన చేయించడాన్ని 1962 నుంచి సుప్రీంకోర్టు తీర్పులు అనుమతించడం లేదు. ఇష్టం లేనివారు పాల్గొననక్కరలేదన్నంత మాత్రాన అది సరైనది అయిపోదు. మా మతపు ప్రార్థనకు అవకాశం ఇస్తామన్న మీ ఆలోచనకు కృతజ్ఞులం, కానీ అదే కారణం చేత దాన్ని అంగీకరించలేం. విద్యార్థులు తమంతట తాము ప్రార్థించుకునే హక్కుకు మాకు ఏ అభ్యంతరమూ లేదు. టీచరు ప్రార్థన చెప్పించడం ఆపినట్లు ఫలానా తేదీలోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

ఇందులో మనోభావాల ప్రస్తావన లేదని గమనించండి. నొచ్చుకున్నామంటే క్షమాపణ వస్తుంది, సర్దుబాటు వస్తుంది, నాకు వచ్చినట్లు ‘మీది కూడా పెడదాం’ అన్న మాట వస్తుంది. జరిగిన పని, దాన్ని కూడదన్న నియమం, ఆపవలసిన తేదీ రాస్తే వాళ్లు డిస్ట్రిక్ట్ న్యాయవాదికి చూపించవలసి వస్తుంది. న్యాయవాదికి 1962 నాటి తీర్పు తెలుసు. మాకు పది రోజుల్లో రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆ తర్వాతి సోమవారం నుంచి పిల్లలు చేతులు కడుక్కుని వరుసలో నిలబడి నేరుగా భోజనానికి వెళ్లారు.

ప్రిన్సిపాల్ దగ్గరా కదలకపోతే సూపరింటెండెంట్‌కు, తర్వాత స్కూల్ బోర్డుకు వెళ్లాలి. బోర్డు సమావేశంలో ప్రజలు మాట్లాడే సమయం కొద్ది నిమిషాలే కాబట్టి ఉత్తరాన్నే చదివి, ఒక ప్రతిని రికార్డులో పెట్టించండి. బడుల్లో ప్రార్థన గురించి ఫెడరల్ విద్యాశాఖ మార్గదర్శకాలు జారీ చేస్తుంది. ఫెడరల్ నిధులు తీసుకునే డిస్ట్రిక్ట్, రాజ్యాంగం రక్షించే ప్రార్థనను తమ విధానమేదీ అడ్డుకోవడం లేదని ఏటా రాష్ట్రానికి ధ్రువపత్రం ఇవ్వాలి. మీ పిల్ల సొంత ప్రార్థననో, బొట్టునో అడ్డుకున్న సందర్భంలో ఈ సంగతి గుర్తు చేయడం బాగా పనిచేస్తుంది. మతం కారణంగా వివక్ష చూపినప్పుడు 1964 నాటి పౌరహక్కుల చట్టం కింద న్యాయశాఖలోని పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. వేధింపు మన వంశం, పుట్టుక, జాతి లక్షణాలను పట్టుకుని జరిగితే విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయం కూడా చూస్తుంది. అక్కడ గడువు 180 రోజులు. బడితో ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఆ లెక్కను మరిచిపోవద్దు.

న్యాయవాది అవసరమైతే ఎవరి తలుపు తట్టాలన్నది మీ సమస్యను బట్టి ఉంటుంది. బడి మతాన్ని రుద్దుతుంటే పౌరస్వేచ్ఛల కోసం పనిచేసే ఏసీఎల్‌యూ సంస్థ రాష్ట్ర శాఖ, 1947 నుంచి ఇదే పనిలో ఉన్న అమెరికన్స్ యునైటెడ్ సంస్థ వంటివి చూస్తాయి. మీ ఆచారాన్ని బడి అడ్డుకుంటుంటే బెకెట్ వంటి సంస్థ ఉంది. వీళ్లు ఫీజు తీసుకోకుండా పనిచేస్తారు, చాలాసార్లు వాళ్ల లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం వెళ్లగానే వ్యవహారం ముగుస్తుంది. రాజ్యాంగ హక్కుల వ్యాజ్యంలో గెలిస్తే న్యాయవాది ఖర్చు ఓడిన డిస్ట్రిక్ట్ మీద పడే అవకాశం ఉన్నందువల్ల కూడా డిస్ట్రిక్టులు దాన్ని కోర్టు దాకా రానివ్వరు.

ఇంత చేసేటప్పుడు పిల్ల మీద పడే బరువును తక్కువ అంచనా వేయకండి. చిన్న ఊళ్లో ఎవరు ఫిర్యాదు చేశారో అందరికీ తెలిసిపోతుంది. ఉత్తరంలో పిల్ల పేరు గోప్యంగా ఉంచమనీ, ఫిర్యాదు కారణంగా ఏ రకమైన కక్షసాధింపూ ఉండకూడదనీ ఒక వాక్యం చేర్చండి. పెద్ద పిల్లలైతే ముందు వాళ్లను అడగండి. హైస్కూలులో చదివే పిల్లవాడు ఈ ఏడాది వద్దంటే, బోర్డుకు సాధారణ విధానం గురించి మాత్రమే రాసి, అతని తరగతి ప్రస్తావన లేకుండా పని జరిపించవచ్చు. మా అమ్మాయిని అడిగితే, టీచరుకు కోపం వస్తుందా అని మాత్రం అడిగింది. టీచరుకు మేమే వెళ్లి ఒక పూలకుండీ ఇచ్చి, మీ మీద మాకు ఏ కోపమూ లేదని చెప్పి వచ్చాం. ఆ సంవత్సరం చివరిదాకా ఆవిడ మా అమ్మాయిని ఏ తేడా లేకుండా చూసుకున్నారు.

బడి ఇచ్చిన రాతపూర్వక జవాబును భద్రంగా దాచండి. ప్రిన్సిపాళ్లు మారతారు, టీచర్లు మారతారు, తమ్ముడో చెల్లెలో అదే తరగతికి వస్తారు. మళ్లీ అదే జరిగితే కొత్త ఉత్తరం మొదటి నుంచి రాయనక్కరలేదు. పాత జవాబును జతచేసి, తేదీ మార్చి పంపితే సరిపోతుంది.